ముడి లేని దారం

మా ఊళ్ళో పళ్ళెంలో మిగిలిన చివరి ముక్కను ఎవరూ తీసుకోరు. అలాగని వదిలేస్తారా అంటే అదీ కాదు. ఒకావిడ వచ్చి అందులో సగం కోసుకుంటుంది. ఇంకొకావిడ ఆ మిగిలిన సగంలో సగం. చివరికి చీమకు పెట్టినా చిన్నబుచ్చుకునేంత తునక మిగులుతుంది. అందరూ వెళ్ళిపోయాక ఇంటావిడ సింకు దగ్గర నిలబడి దాన్ని నోట్లో వేసుకుంటుంది. మినసోటాలో మర్యాద అంటే అంత.

ఆ మంగళవారం మార్లిస్ ఇంట్లో నిమ్మకాయ కేకు ఆఖరి ముక్క అప్పటికే రెండుసార్లు సగమైంది. టిల్లీ మూడోసారి కత్తి పెడుతుండగా, కోరిన్ మార్లిస్‌ను మోచేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"చట్రం నీ ఇంటికొచ్చింది కదా," అంది కోరిన్ గొంతు తగ్గించి. "చట్రంతో పాటు వచ్చే పని ఒకటుంది. అది కూడా నీకు అప్పజెప్పాలి."

"ఊడ్చే పనేగా? పిల్లి వెంట్రుకలు రోజుకి రెండుసార్లు ఊడుస్తూనే ఉన్నా."

"ఊడ్చేది కాదు. విప్పేది."

చట్రం అంటే బొంత కుట్టే చట్రం. మామూలుగా చర్చి కింది గదిలో ఉండేది. జనవరి చలికి అక్కడ నీళ్ళ గొట్టం పగిలి గదంతా చెరువైంది. దాంతో సగం కుట్టిన బొంతతో సహా చట్రాన్ని మోసుకొచ్చి మార్లిస్ ముందుగదిలో బిగించారు. ఇప్పుడు ఆ గదిలో సోఫా గోడకు నిలువుగా ఆనించి ఉంది. మార్లిస్ భర్త ఆర్విడ్ టీవీ చూడాలంటే మేడ మెట్ల మీద కూర్చుని చూడాలి. చట్రం కింద, వేడిగాలి వచ్చే జాలీ మీద, వాళ్ళ పిల్లి పడుకుంటుంది. బూడిద రంగు గండుపిల్లి. ఏ పనీ చెయ్యకుండా ఊళ్ళో అందరి ఇళ్ళకూ వెళ్ళి తినొస్తుందని దానికి మేయర్ అని పేరు పెట్టారు.

మంగళవారం, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటకు నలుగురు ఆడవాళ్ళు ఆ చట్రానికి నాలుగు వైపులా కూర్చుంటారు. కోరిన్‌కు డెబ్భై రెండేళ్ళు, ఊరికి పన్నెండు మైళ్ళ అవతల పొలంలో ఇల్లు, బొంతల విషయంలో ఆవిడ మాటే మాట. టిల్లీ పొద్దునపూట పోస్టాఫీసులో ఉత్తరాలు, మధ్యాహ్నం ఇక్కడ కబుర్లు పంచుతుంది. మార్లిస్ ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపి, పోయిన వేసవిలోనే తాళాలు తిరిగి ఇచ్చేసింది. నాలుగో ఆవిడ బోర్గిల్డ్. ఎనభై ఎనిమిదేళ్ళు. రెండిళ్ళ అవతల ఒక్కతే ఉంటుంది. తుంటినొప్పి ఉన్నా రెండు స్కీ కర్రలు ఊతంగా పట్టుకుని, మంచు మీద టకటకా నడిచి వచ్చేస్తుంది. ఈ ఊళ్ళో సూది పట్టిన ప్రతి ఆడదానికీ గురువు ఆవిడే. మూడేళ్ళుగా ఆవిడ చూపు నడిమధ్య మసకేసింది. పక్కలు మాత్రం కాస్త తెలుస్తాయి.

"బోర్గిల్డ్ కుట్లు విప్పాలి," అంది కోరిన్. "చర్చిలో ఉన్నన్నాళ్ళూ నేనే ఆగి చేసేదాన్ని. అందరూ వెళ్ళాక ఆవిడ వరస లాగేసి మళ్ళీ కుట్టేదాన్ని. ఇప్పుడు నేను ఇక్కడ ఆగితే ఆవిడకి అనుమానం రాదూ? నువ్వయితే నీ ఇల్లే. నీకు అంగుళానికి పది కుట్లు పడతాయి. ఆవిడకి ఐదు. ఒక్కోచోట నాలుగు!"

"చెప్పకుండానా?"

"ఎలా చెప్తాం? ఆ వయసు మనిషికి? మనసు ఎంత నొచ్చుకుంటుంది! నొప్పించకూడదనే కదా మూడేళ్ళు నేను నడుం విరగ్గొట్టుకున్నది."

నలభై మంది పిల్లల్ని ఒక్క అద్దం చూపుతో కుదురుగా కూర్చోబెట్టిన మార్లిస్‌కు ఆ క్షణాన నోట మాట రాలేదు. కోరిన్ దాన్నే ఒప్పుకోలు కింద తీసుకుంది. ఆవిడకు ఎవరి మౌనమైనా ఒప్పుకోలే.

"ఆగస్టులో సంతకి జడ్జీ కొత్తాయన వస్తున్నాడట," అంది తలుపు తీస్తూ. "కొలబద్ద పెట్టి కొలుస్తాడట."

మా కౌంటీ సంతలో బొంతల పోటీ అంటే ఆషామాషీ కాదు. పక్క ఊరి వాళ్ళు రెండేళ్ళుగా మొదటి బహుమతి నీలి రిబ్బను ఎగరేసుకుపోతున్నారు. చర్చి హాలులో అద్దం వెనక ఒక పాత బొంత వేలాడుతుంటుంది. మా ఊరికి మొట్టమొదటి రిబ్బను తెచ్చింది అదే. దాని కింది కుడి మూల చూపించి కోరిన్ చెప్పని మనిషి లేడు: "పెళ్ళయి వచ్చిన మొదటి చలికాలం. నాకు పందొమ్మిదేళ్ళు. అంగుళానికి పన్నెండు కుట్లు. లెక్కపెట్టుకోండి." కొత్త పాస్టరుగారు వచ్చిన వారమే ఆయన చేత కూడా లెక్కపెట్టించింది.

ఇద్దరూ ముందుగదిలోకి తిరిగొచ్చేసరికి బోర్గిల్డ్ ఇంకా కుడుతూనే ఉంది. టిల్లీ ముందుగానే ఇరవై సూదుల్లో దారం ఎక్కించి ఆవిడ పక్క దిండుకు గుచ్చి పెడుతుంది. ఒక్కో సూదీ తీసి, ఆ దారాన్ని తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగుతుంది బోర్గిల్డ్. ఈ రోజుల్లో ఆ పని ఎవరూ చెయ్యరు. మార్లిస్ ఆవిడ ముందు బట్ట మీద సన్నటి కాగితపు టేపు అంటించి పెడుతుంది. ఎడమ చెయ్యి బొంత కింద, కుడి చెయ్యి పైన. టేపు అంచును బొటనవేలితో తడుముకుంటూ, కింది వేలికి సూదిమొన తగలగానే పైకి తిప్పుతుంది.

"వంటింట్లో ఏంటే రహస్యాలు?" అంది తల ఎత్తకుండా.

"ఏం లేదు, కాఫీ ఇంకా ఉందా అని," అంది కోరిన్.

"ఉంటే పొయ్యి. మేయర్ గారు నా కాలి మీద కూర్చున్నారు, నేను లేవలేను. ఎన్నికలు దగ్గరపడ్డాయేమో, ఇవాళ మరీ ప్రేమగా ఉన్నారు."

నాలుగింటికి అందరూ వెళ్ళిపోయారు. మార్లిస్ దీపం దగ్గరకు జరుపుకుని బోర్గిల్డ్ కుర్చీలో కూర్చుంది. తెల్లటి బట్ట మీద నీలం నక్షత్రాల బొంత. ఆవిడ వరస రెండు నక్షత్రాల మధ్య నుంచి వెళ్ళింది. తిన్నగానే ఉంది గానీ కుట్లు పెద్దవి, బియ్యపు గింజంత ఒక్కోటి. కత్తెర మొన పెట్టి ముడి కోసం వెతికింది. ముడి లేదు. రెండు వైపులా దారం కొస ఊరికే వేలాడుతోంది.

'అయ్యో, ముడి వెయ్యడం కూడా మర్చిపోతోంది పాపం,' అనుకుంది.

కొస పట్టి లాగితే వరస మొత్తం ఒక్క ఊపున జారి చేతిలోకి వచ్చేసింది. గుడ్డ మీద గీత కూడా పడలేదు. మధ్యాహ్నం అంతా ఆవిడ కుట్టిన తొమ్మిది వరసలూ విప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. దారాలకి తేనెమైనం వాసన. మార్లిస్ ఆరో తరగతిలో ఉండగా బోర్గిల్డ్ పక్కన బల్ల మీద కూర్చుని మొదటి జేబురుమాలు కుట్టినప్పుడు కూడా ఇదే వాసన.

మా ఊరి ఆడవాళ్ళు దారం ముక్క కూడా పారెయ్యరు. సూదుల దిండులో కూరడానికి దాస్తారు. మార్లిస్ అలవాటు కొద్దీ ఆ దారాలను ఉండగా చుట్టి బిస్కెట్ల రేకు డబ్బాలో పడేసి మూత పెట్టింది. తర్వాత ఆ తొమ్మిది వరసలూ మళ్ళీ కుట్టడానికి రాత్రి పొద్దుపోయేదాకా పట్టింది. ఆమె చేతిలో కుట్లు చక్కగా, అంగుళానికి పదేసి పడ్డాయి. దొంగతనం చేసి ఇల్లు సర్దినట్టుంది ఆమెకు. మేయర్ జాలీ మీద కూర్చుని ఆమె వంక రెప్ప వెయ్యకుండా చూసింది. "నువ్వు నోరు మూసుకో," అంది మార్లిస్ దానితో. అది నోరు తెరవనే లేదు.

*

గురువారం బోర్గిల్డ్ వచ్చి, కోటు విప్పి, కుర్చీలో కూర్చోగానే అరచేత్తో బొంతను నిమిరింది. మంగళవారం నాటి వరసల దాకా వచ్చి చెయ్యి ఆగింది. వేలి కొసతో ఒక్కో కుట్టూ తడిమింది.

"చూశావటే మార్లిస్," అంది. "నా చెయ్యి ఇంకా పోలేదు. ఎంత సన్నంగా పడ్డాయో."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మార్లిస్ చెయ్యి వేలితొడుగు మీదకు పోయింది. అది జారి కిందపడి దొర్లింది. మేయర్ దాన్ని తరుముకుంటూ సోఫా వెనక్కి పోయింది.

"చాలా బాగున్నాయి," అంది కోరిన్, ఎదురుగా కూర్చుని, తొణక్కుండా.

"నువ్వు అన్నావంటే నిజమే అయ్యుంటుంది," అంది బోర్గిల్డ్. మైనం ముద్ద మీద దారం లాగి కుట్టడం మొదలుపెట్టింది.

టిల్లీ తన దారానికి ముడి వేసుకుంటుంటే కోరిన్ వంగి చూసింది. "ఒక్క చుట్టేనా? మూడు తిప్పాలి. నేను పెళ్ళికూతురుగా వచ్చిన రోజు నుంచీ మూడే. నా ముడి ఊడిందన్న మాట ఎవరైనా చెప్పమను చూద్దాం."

"ఎవరూ చెప్పలేరు," అంది బోర్గిల్డ్. "రాయి అది." ఎందుకో ఆవిడ భుజాలు కదిలాయి. దగ్గు వచ్చిందేమోనని టిల్లీ మంచినీళ్ళు అందించింది.

ఆ సాయంత్రం కూడా మార్లిస్ విప్పింది. ఏడు వరసలు. ముడి లేదు, గుడ్డ చెక్కుచెదరలేదు, మధ్యాహ్నమంతా పడ్డ పాటు పది నిమిషాల్లో ఉండై డబ్బాలో పడింది. ఈసారి మళ్ళీ కుడుతుంటే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 'ఎంత సన్నంగా పడ్డాయో' అన్న ఆ మాట చెవుల్లోంచి పోలేదు. మోసం చేసింది చాలక, మోసపోయిన మనిషి చేత మెప్పు కూడా పొందానని ఆమె బాధ.

*

ఆర్విడ్‌కు చలికాలం వస్తే చెక్క చేపలు చెక్కడం పిచ్చి. మంచు గడ్డకట్టిన సరస్సులో కన్నం చేసి ఆ చేపను నీళ్ళలో ఆడిస్తే, నిజమైన చేప దాన్ని చూడ్డానికి వస్తుంది, అప్పుడు ఈటెతో పొడవాలి. ఆర్విడ్ పొడిచిన చేపల కంటే చెక్కిన చేపలు పదింతలు ఎక్కువ. పొట్టలో సీసం పోసి బరువు సరిపోయిందో లేదో స్నానాల తొట్టిలో వేసి చూస్తాడు.

శనివారం పొద్దున అతను తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పచ్చటి చేప నీళ్ళలో కుడివైపుకు ఒరిగి ఈదుతోంది. తొట్టి అంచు మీద మేయర్ కూర్చుని గోడకేసి చూస్తోంది.

"ఒక్కసారి," అన్నాడు ఆర్విడ్. "ఈ వెధవ ఒక్కసారి పంజా విసిరితే చాలు, నేను కళాకారుణ్ణని ఒప్పుకుంటా. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా మోసపోలేదు."

మార్లిస్ గుమ్మానికి ఆనుకుని జరిగిందంతా చెప్పింది. ఆర్విడ్ చేపను పైకి తీసి తుడుస్తూ విన్నాడు.

"అంటే నా చేప ఒరుగుతోందని, నేను లేనప్పుడు నువ్వు చెక్కి సరిచేసి పెట్టావనుకో."

"అనుకో."

"నేను వచ్చి చూసి, అబ్బ, నేనెంత మొనగాణ్ణి అనుకుంటా." కాసేపు ఆలోచించాడు. "అది ఒరగడం కంటే ఘోరంగా ఉందే."

"మరి ఏం చెయ్యమంటావు? కోరిన్‌కి ఎదురు చెప్పడమా?"

"నన్నడుగుతావేంటి? బస్సులో చూయింగ్‌గమ్ నమిలాడని షెరీఫ్ కొడుకుని మంచులో నడిపించినదానివి."

"వాడు తొమ్మిదేళ్ళ పిల్లాడు. కోరిన్ అంటే కోరిన్."

"అదీ నిజమే," అన్నాడు ఆర్విడ్. చేపను మళ్ళీ నీళ్ళలో వదిలాడు. ఈసారి ఎడమవైపుకు ఒరిగింది.

మరుసటి మంగళవారం నాలుగింటికి అందరూ వెళ్ళాక మార్లిస్ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంది. ఎనిమిది వరసలు, బియ్యపు గింజల్లా, టేపు వెంట తిన్నగా. కొస పట్టుకుంది. లాగలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, లేచి దీపం ఆర్పి, వంటింట్లోకి వెళ్ళి బంగాళదుంపలు చెక్కు తీసింది. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆమెకు బాగా ఆకలేసింది.

*

గురువారం ఉదయం ఆర్విడ్ అల్మరాలో వెతుకుతున్నాడు. "ఈ ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లు ఎప్పుడైనా ఉంటాయా?" అని అరిచాడు. నీలం రేకు డబ్బా మూత తీసి, దారాలు చూసి, విసుక్కుని, మూత పైపైన పెట్టి, అల్మరా తలుపు తీసే ఉంచి, చేపలు చెక్కుకోవడానికి గ్యారేజీలోకి పోయాడు. లోకంలో ఏ ఆడమనిషి కుట్టుపని చేసినా ఆ డబ్బాలో బిస్కెట్లు ఉండవని అరవై ఐదేళ్ళ మనిషికి ఇంకా తెలియలేదు.

మధ్యాహ్నం బోర్గిల్డ్ వచ్చి ఎప్పటిలాగే బొంత మీద చెయ్యి వేసింది. మంగళవారం వరసల దగ్గర వేళ్ళు ఆగాయి. ఈసారి ఏమీ అనలేదు. మొదటి వరస నుంచి ఎనిమిదో వరస దాకా తడిమి, మళ్ళీ వెనక్కి తడిమి, తల పక్కకు తిప్పి, మసక లేని ఆ ఓరచూపుతో మార్లిస్ వైపు కాసేపు చూసింది. తర్వాత సూది తీసుకుంది.

ఆ రోజు బొంతను చుట్టాలి. కుట్టడం అయిన భాగాన్ని కర్రకు చుట్టేసి కొత్త భాగం ముందుకు లాగుతారు. ఒకసారి చుట్టారంటే లోపలి కుట్లు అక్కడే ఉండిపోతాయి. మూడింటికి, కాఫీ వేళకు, కోరిన్ చట్రం మరలు వదులు చెయ్యడానికి లేచి బోర్గిల్డ్ పక్కకు వచ్చింది. వంగింది. నడుం పట్టేసినట్టు అలాగే ఉండిపోయింది.

"మార్లిస్," అంది తియ్యగా. "ఒక్కసారి వంటింట్లోకి వస్తావా?"

తలుపు వేసి అడిగింది. "మంగళవారం వరసలు అలాగే ఉన్నాయి."

"ఉంటాయి," అంది మార్లిస్. "నేను విప్పలేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. విప్పను. ఇవాళ్టివి కూడా విప్పను. ఆవిడ కుట్టింది ఆవిడ కుట్టినట్టు ఉండాలి. లేదంటే మొహం మీద చెప్పాలి. చాటుగా లాగెయ్యడం నావల్ల కాదు."

"జడ్జీ కొలుస్తాడు!"

"కొలవనీ."

కోరిన్ మొహం ఎర్రబడింది. మా ఊళ్ళో గొంతు పెంచడం అంటే పళ్ళెంలో చివరి ముక్క తినడం లాంటిది. అందుకని ఇంకా తగ్గించింది. "సరే. నీకు కష్టంగా ఉంటే చట్రం మా ఇంటికి తీసుకుపోతా. శనివారం మా ఆయన్ని ట్రక్కుతో పంపిస్తా."

"పన్నెండు మైళ్ళు. ఆ తుంటినొప్పితో, ఈ మంచు రోడ్డులో బోర్గిల్డ్ ఎలా వస్తుంది?"

"మంచు కరిగాక వస్తుంది."

"అప్పటికి బొంత అయిపోతుంది కదా."

కోరిన్ కిటికీలోంచి బయటకు చూసింది. వరసలు నిలబెట్టాలని చూస్తే కుర్చీయే పోయేట్టుంది. విప్పితే మోసం, విప్పకపోతే ముసలావిడ నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉండిపోవాలి. 'పోనీ విప్పుతాలే' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

అప్పుడే ముందుగదిలోంచి టిల్లీ కేక వినిపించింది. "మేయర్! ఏంట్రా అది? ఎలుకా?"

ఇద్దరూ పరిగెత్తారు. మేయర్ అల్మరా వైపు నుంచి వస్తోంది, తోక జెండాలా నిలబెట్టుకుని. నోట్లో కోడిగుడ్డంత తెల్లటి ఉండ. దాని వెనక గజం పొడుగున దారాలు నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాయి. పన్నెండేళ్ళుగా చెక్క చేప వంక చూడని పిల్లి, ఆ ఉండను సింహంలా మోసుకొచ్చి సరిగ్గా బోర్గిల్డ్ కాళ్ళ దగ్గర పెట్టి కూర్చుంది.

"మింగుతుందే, తియ్యండి!" అంది టిల్లీ.

మార్లిస్ అడుగు వేసేలోపే బోర్గిల్డ్ వంగి ఉండను అందుకుంది. వేళ్ళ మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తేనెమైనం," అంది.



"బోర్గిల్డ్, అది..." అంది కోరిన్. "మేము మీ మనసు..."

"నొప్పించకూడదని," అంది బోర్గిల్డ్. "తెలుసులే. మూడేళ్ళనించీ తెలుసు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. మూడేళ్ళుగా కళ్ళు మూసుకున్నది ఎవరో మార్లిస్‌కు ఇప్పుడు అర్థమైంది.

"ఎలా తెలిసింది?" అంది టిల్లీ. ఆమెకు ఇంకా సంగతేమిటో సగమే ఎక్కింది.

"కళ్ళు పోయాయి గానీ వేళ్ళు ఉన్నాయిగా పిల్లా. మంగళవారం నేను కుట్టింది గురువారానికి సన్నగా అయిపోయేది. కుట్లు వాటంతటవి చిక్కిపోతాయా? నేను ఇంత నడిచినా చిక్కట్లేదే!"

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?" అంది మార్లిస్.

"అంటే మీరు సిగ్గుపడేవాళ్ళు. ఆ సిగ్గుతో నన్ను పిలవడం మానేసేవాళ్ళు. మన సంగతి నాకు తెలీదూ? కుట్లు పోతే పోయాయి. నాకు మంగళవారం పోకూడదు. గురువారమూ పోకూడదు."

మార్లిస్ ఆవిడ పక్కన కూర్చుండిపోయింది. బట్ట మీద వేలాడుతున్న దారం కొసలు కళ్ళముందే ఉన్నాయి. "అందుకేనా ముడి వెయ్యనిది?"

"మరి! విప్పేవాళ్ళకి సులువుగా ఉండొద్దూ? ముడి వేస్తే కత్తెరతో తవ్వాలి, గుడ్డ పాడవుతుంది. కుట్టు కూడా అందుకే పెద్దది వేస్తున్నా. మరీ నాలుగు పడేంత ముసలిదాన్నా నేను? తలుచుకుంటే ఏడు వేస్తా. విప్పే కష్టం ఏంటో నాకు తెలుసు కాబట్టే ఇలా. నేనూ విప్పినదాన్నే."

"ఎవరివి?" అంది టిల్లీ, అడగకూడదని తట్టని మనిషి.

బోర్గిల్డ్ దారపుండను ఒళ్ళో పెట్టుకుని నిదానంగా చిక్కు తీసింది. "ఒక కొత్త పెళ్ళికూతురు ఉండేది. గడ్డి మోపు కట్టినట్టు కుట్టేది, పాపం. దానికి తోడు ఒక్కో ముడికీ మూడేసి చుట్లు. రాయి! రెండు చలికాలాలు నేనూ వాళ్ళత్తగారూ తవ్వీ తవ్వీ మా గోళ్ళు అరిగిపోయాయి."

ఆవిడ పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. కోరిన్ తన కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది.

"చర్చి హాల్లో..." అంది. "ఆ కింది మూల?"

"మంచి మూల అది," అంది బోర్గిల్డ్.

"పన్నెండు కుట్లు."

"పన్నెండే. ఒకచోట పదమూడు కూడా ఉన్నాయి, నువ్వెప్పుడూ చెప్పవు."

"యాభై మూడేళ్ళు! ఊరందరికీ చెప్పుకున్నాను! పాస్టరు చేత లెక్కపెట్టించాను!"

"నేనూ వింటూనే ఉన్నాగా. విన్నప్పుడల్లా గర్వంగానే ఉండేది. నా కుట్లే కదా."

టిల్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. కోరిన్ ఆమె వంక ఉరిమి చూసింది. ఆ చూపు ఎక్కువసేపు నిలవలేదు. కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతుల వంకే చూసుకుంది. ఏడుస్తుందేమో అనిపించింది. ఏడవలేదు. కాసేపటికి పొట్టలోంచి ఏదో గుడగుడమని బయల్దేరి పైకి వచ్చింది, అది నవ్వు. నీళ్ళు తిరిగిన కళ్ళతోనే నవ్వింది.

"తాతకు దగ్గులు నేర్పాను," అంది. "మూడేళ్ళు!"

"నావి కూడా విప్పారా?" అంది టిల్లీ అనుమానంగా.

"నీవి విప్పాలంటే ముందు నువ్వు కుట్టాలి కదే, కబుర్లు ఆపి," అంది బోర్గిల్డ్.

మార్లిస్ తన వైపు నక్షత్రం కేసి, అంగుళానికి పదేసి ఉన్న తన వరసల కేసి చూసుకుంది. నోరు తెరిచి, అడగకుండా మూసుకుంది. కొన్ని సంగతులు తెలియకపోతేనే మంచిది.

కోరిన్ లేచింది. చట్రం మరల దగ్గరకు వెళ్ళింది. వాటి మీద చెయ్యి వేసి ఆగింది.

"బోర్గిల్డ్," అంది. "మంగళవారం వరసలకి ముడి వెయ్యండి. చుట్టేద్దాం."

"జడ్జీ కొలుస్తాడట కదా?"

కోరిన్ మార్లిస్ వైపు చూసింది. "కొలవనీ," అంది.

టిల్లీ వేలాడుతున్న కొసలకు ఒక్కోదానికీ సూది ఎక్కించి ఇచ్చింది. బోర్గిల్డ్ దారాన్ని సూది చుట్టూ తిప్పింది. ఒకటి. రెండు. కోరిన్ వైపు ఓరగా చూసి మూడోది. సూది గుచ్చి లాగింది. ముడి బట్టలోంచి టప్పుమని దూరి లోపలి దూదిలో కూర్చుంది. ఆ చప్పుడు నలుగురికీ వినిపించింది. ఎనిమిది వరసలకి రెండేసి చొప్పున పదహారు ముడులు. ఆవిడ తొందరపడలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. పదహారోది పడ్డాక కోరిన్, మార్లిస్ చెరో వైపు కర్ర పట్టుకుని తిప్పారు. బియ్యపు గింజల్లాంటి కుట్లు మెల్లగా పైకి ఎక్కి, మలుపు తిరిగి, చుట్ట లోపలికి వెళ్ళిపోయాయి. కొత్త తెల్లటి భాగం బిగువుగా ముందుకొచ్చింది.

అప్పుడు కాఫీ తాగారు. ఆర్విడ్ గ్యారేజీలోంచి చెక్కపొట్టుతో వచ్చి రెండు ముక్కలు తిని, ఇంత నిశ్శబ్దంగా ఉన్నారేంటని అడిగి, జవాబు రాకపోతే వెళ్ళిపోయాడు. పళ్ళెంలో నిమ్మకాయ కేకు చివరి ముక్క మిగిలింది. టిల్లీ దాన్ని సగం చెయ్యడానికి కత్తి తీసుకుంది.

బోర్గిల్డ్ చెయ్యి చాచి, పళ్ళెం అంచు తడిమి, ముక్కను మొత్తంగా తీసుకుని నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ చూస్తూ ఉండిపోయారు. ఆవిడ తీరిగ్గా నమిలి, వేళ్ళు తుడుచుకుంది.

"ఇంకాస్త నిమ్మరసం పడాలే మార్లిస్," అంది. "ఎప్పట్నించో చెబుదామనుకుంటున్నా. నీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను."